గేదె దిద్దిన ప్రకటన

నేను ఒక నల్లబల్లను. సూరాచారి అనే వడ్రంగి నాలుగు మామిడి పలకలు అతికి, అంచులకు టేకు బద్దలు బిగించి, దొండాకు పసరులో బొగ్గుపొడి కలిపి నా ఒంటికి పట్టించాడు. ఆ పని అయ్యాక రెండడుగులు వెనక్కి వెళ్ళి నన్ను చూసి, ఇంత నున్నటి బల్ల మీద ఎవరూ తప్పు రాయలేరన్నాడు. వడ్రంగులకు చెక్క గురించి తెలిసినంత మనుషుల గురించి తెలియదు.

మొదట ఒక ప్రాథమిక పాఠశాలలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. రెండు రెళ్ళు నాలుగని ఏటేటా నా మీద రాసేవారు. ఏ ఏడాదీ పిల్లలు మొదటిరోజే నమ్మలేదు. ఆ తర్వాత ఒక టిఫిను హోటలుకు వెళ్ళాను. అక్కడ పొద్దున్నే నా మీద ఇడ్లీ, గారె, పెసరట్టు అని రాసేవారు. తొమ్మిదింటికల్లా కింద 'పెసరట్టు అయిపోయినది' అని చేర్చేవారు. నా బతుకులో నేను మోసిన మాటలన్నిటిలోకీ రుజువు అడగనక్కర్లేని మాట అదొక్కటే. హోటలు మూసేశాక లలిత కళా సేవా సమితి వాళ్ళు నన్ను తెచ్చుకున్నారు.

సామర్లకోటకు దగ్గరలో ఉన్న చిన్న పట్టణం మాది. కూరగాయల బజారుకు వెళ్ళే దారిలో సమితికి ఒక పెంకుల హాలు, దాని ముందు ఒక వరండా ఉన్నాయి. రాబోయే కార్యక్రమం ఏమిటో రాసి నన్ను రోడ్డు వైపు నిలబెట్టేవారు. రాసేది కార్యదర్శి యజ్ఞేశ్వరరావుగారు. రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన అక్షరాలు ముత్యాలని ఊరంతా ఒప్పుకుంటుంది. అయితే ప్రతి ముత్యానికీ ఆయన ఒక తోక తగిలిస్తారు. 'క' కింద ఒక మెలిక, 'ళ' కింద ఒక చుట్ట, 'శ' పక్కన ఒక లత. కళ్ళజోడు పెట్టుకోమని ఇంట్లోవాళ్ళు పోరుతుంటే, చెయ్యి తిరిగినవాడికి కళ్ళతో పనేమిటనేవారు.

నా మీద హరికథలు, పద్యపఠన పోటీలు, ముగ్గుల తరగతులు, పుస్తకావిష్కరణలు ఎన్నో వెలిశాయి. దేనికైనా వచ్చేది ఏడుగురే. అందులో ఇద్దరు వక్తలు, ఒకాయన మైకు మనిషి, ఒకాయన వచ్చేవారం సభలో వక్త. కానీ మర్నాడు పేపర్లో మాత్రం 'సభికులను విశేషంగా ఆకట్టుకుంది' అని పడేది. ఆ వార్త రాసే విలేకరి సోమరాజు సభకు ముందురోజే దాన్ని పంపించేసేవాడు. సభ అయ్యాక రాస్తే రేపటి పేపరుకు అందదని అతని వాదన. అయిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు. తప్పు పట్టాలంటే సభకు వచ్చి ఉండాలి కదా.

ఒక గురువారం అచ్చాయమ్మ వచ్చింది. తోలుబొమ్మలాట ఆమె కులవృత్తి. అరవై రెండేళ్ళ మనిషి. తోలు చెక్కడం, రంగులు వేయడం, బొమ్మ ఆడిస్తూ పాడడం, మూడూ వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఆమె ఒక్కర్తే మిగిలింది. ఆడ బొమ్మలకు గొంతు ఇచ్చే చెల్లెలు మూడేళ్ళ కిందట పోయింది. అప్పటినుంచి ఆట లేదు. చాపలో చుట్టిన బొమ్మలను వరండాలో దించి, ఒక హోటలు వాళ్ళు వీటిని దీపాలకు గొడుగులుగా పెట్టుకుంటామని అడుగుతున్నారని, బుధవారం వస్తామన్నారని యజ్ఞేశ్వరరావుగారికి చెప్పింది.

"ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నేర్సుకుంటానంటే ఇవ్వనండి. ఎవరూ రాకపోతే మటుకు ఇచ్చేస్తాను. సూరు కింద ఎలకలు కొరికేకంటే దీపం దగ్గరుండడం నయం కదండీ" అంది.

యజ్ఞేశ్వరరావుగారు చాప అంచు ఎత్తి బొమ్మలను చూశారు. తర్వాత ఆదివారమే శిబిరం పెడదామని, ఊరి యువత తరలి వచ్చేలా రాస్తానని మాట ఇచ్చారు. శనివారం సాయంత్రం నన్ను రెండుసార్లు తుడిచి, జీవితంలో ఎన్నడూ వేయనన్ని మెలికలు వేసి మూడు వరసలు రాశారు. 'ఉచిత కళా శిక్షణ శిబిరం' అన్నది మొదటి వరస. 'తోలుబొమ్మలాట నేర్పబడును' అన్నది రెండోది. 'ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు, అందరూ ఆహ్వానితులే' అన్నది మూడోది.

ఆయన వెళ్ళిన పావుగంటకు ఒక గేదె వచ్చింది. దానికి ఎక్కడ దురద పుట్టిందో గానీ నా అంచుకు పక్క ఆనించి హాయిగా గోక్కుంది. అది కదిలి వెళ్ళేసరికి రెండో వరస మొత్తం పోయింది. మొదటి వరసలో 'శిక్షణ' పోయింది, దాంతోపాటు 'ళా' మీది దీర్ఘమూ పోయింది. ఆ మాటలన్నీ గేదె డొక్క మీద తిరగబడి అంటుకుని బజారు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాయి. నా మీద మిగిలింది 'కళ'. దాని కింద యజ్ఞేశ్వరరావుగారి చుట్ట ఒకటి అచ్చం ళ-వత్తులాగే వేలాడుతోంది.

ఉచిత కళ్ళ శిబిరం. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు. అందరూ ఆహ్వానితులే.

మర్నాడు ఎనిమిదింటికే జనం రావడం మొదలైంది. తొమ్మిదయ్యేసరికి నలభై ఎనిమిది మంది తేలారు. అంతా అరవై దాటినవాళ్ళే. కొందరు భుజాన తువ్వాళ్ళు వేసుకుని, కొందరు పాత మందు చీటీలు పట్టుకుని, కొందరు కోడళ్ళనో కూతుళ్ళనో తోడు తెచ్చుకుని వరస కట్టారు. యజ్ఞేశ్వరరావుగారు వీధి మలుపులోనే ఆ వరసను చూసి ఆగిపోయారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. ఈ ఊళ్ళో కళ చచ్చిపోలేదని వెంట వస్తున్న అచ్చాయమ్మతో అంటూ గబగబా లోపలికి వెళ్ళి స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. అంతరించిపోతున్న దానిని కాపాడుకోవలసిన బాధ్యత మనందరిదీ అన్నారాయన. వచ్చినవాళ్ళు చూపు గురించే చెబుతున్నాడనుకుని గట్టిగా తలలాడించారు.

నేను గుమ్మానికి ఎదురుగా ఉన్నాను, పైగా చెక్కకు వీపైనా ముఖమైనా ఒకటే కనుక లోపల జరిగేదంతా నాకు కనబడుతూనే ఉంది. తెల్ల పంచె తెరగా కట్టి, దాని పక్కన చాప మీద అచ్చాయమ్మ కూర్చుంది. వరసలో మొదట ఉన్నది పాపాయమ్మ. డెబ్భై ఏళ్ళ ఆవిడ. మాటకు మాట జవాబు చెప్పడంలో ఆ పేటలో ఆవిడకు సాటి లేదు. కోడలు తాయారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అచ్చాయమ్మ ఎదుట కూర్చోబెట్టింది. పాపాయమ్మ తల వెనక్కి వాల్చి, వేలితో కింది రెప్ప లాగి పట్టుకుంది.

"ఎడం కన్నండి డాట్రమ్మగారూ. కుడిది ఫరవాలేదు. మా కోడలు చేసే పనులు దాంతో కనబడతానే ఉన్నాయి" అంది.

సరిగ్గా అప్పుడే సోమరాజు వచ్చి ఫోటో తీసుకున్నాడు. వార్త నిన్ననే పంపించేశానని, ఫోటో ఒక్కటే బాకీ అని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు.

అచ్చాయమ్మ ఆ కంటిలోకి కాసేపు చూసి, తనకేమీ తెలియడం లేదని నిజాయితీగా ఒప్పుకుంది. వెనక నుంచి ఒకాయన, చుక్కల మందు ఎప్పుడు వేస్తారని అడిగాడు. ఇంకొకాయన, తెర మీద అక్షరాలేవని అడిగాడు. యజ్ఞేశ్వరరావుగారు ఉపన్యాసం ఆపి, ఒక్క ఉదుటున బయటికి వచ్చి నన్ను చూశారు. కనబడలేదు. ముఖం నాకు ఆనించేంత దగ్గరికి వచ్చి చదివారు. తర్వాత ఇంకెవరూ చూడకుండా నన్ను ఎత్తి లోపలికి తెచ్చి గోడ వైపు తిప్పి పెట్టారు. తప్పు చేసిన పిల్లల్ని బడిలో అలా నిలబెట్టేవారు. తప్పు నాది కాదు, గేదెది. దాన్ని నిలబెట్టే గోడ ఈ ఊళ్ళో లేదు.

జరిగింది చెప్పి ఆయన చేతులు జోడించారు. హాలంతా గోలగోలగా అయింది. ఆటో కట్టించుకుని వచ్చామని కొందరు, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చామని కొందరు లేచారు. అచ్చాయమ్మ బొమ్మల చాప మళ్ళీ చుట్టబోయింది. ఆ పని చేస్తూ, ఊరికే పలకరింపుగా, అంత దగ్గర్నుంచి తన మొహమైనా కనబడుతోందా అని పాపాయమ్మను అడిగింది.

"ఎక్కడమ్మా. మనుషులంతా నీడల్లాగే ఉంటారు నాకు" అంది పాపాయమ్మ.

అచ్చాయమ్మ చేతులు ఆగాయి. "నా దగ్గరున్నయ్యీ నీడలేనమ్మా. అవి నీకు అందరితో పాటే కనబడతాయి. ఓ గడియ కూకో" అంది.

తలుపులు మూసి, తెర వెనక దీపం వెలిగించారు. బట్టతల మొగుడి బొమ్మ ఒకటి, గయ్యాళి పెళ్ళాం బొమ్మ ఒకటి తెర మీదికి వచ్చాయి. వెళ్ళిపోతున్నవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు. అన్నం వండావా అని మొగుడు బొమ్మ అడిగింది. జవాబు రాలేదు. అక్కడ చెల్లెలి గొంతు రావాలి. మూడేళ్ళుగా ఆడక అచ్చాయమ్మ ఆ సంగతి మరిచిపోయింది. ఏం చెయ్యాలో తోచక బొమ్మను అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"వండాను. తినడానికి నోరుంది గానీ, ఓ గిన్ని కడగడానికి చేతుల్లేవా నీకు" అని చీకట్లోంచి పాపాయమ్మ అంది.

హాలు పగలబడి నవ్వింది. గుమ్మం దగ్గరివాళ్ళు వెనక్కి వచ్చి కూర్చున్నారు. అచ్చాయమ్మ పాపాయమ్మను తెర వెనక్కి పిలిచి, పెళ్ళాం బొమ్మ కర్రను చేతికిచ్చింది. పది నిమిషాలు గడిచేసరికి నవ్వు ఆగక అచ్చాయమ్మ మొగుడి బొమ్మకు గొంతు ఇవ్వలేకపోయింది. పక్కనే అత్తగారికి చెయ్యి ఆసరాగా నిలబడ్డ తాయారు చేతిలో మొగుడి బొమ్మ పెట్టి, ఏదో ఒకటి అనమని సైగ చేసింది. తాయారు జాకెట్లు కుట్టే మనిషి. ఇంట్లో కుట్టుమిషను చప్పుడే తప్ప ఆమె చప్పుడు ఎవరూ వినలేదట.

బట్టతల బొమ్మ పెళ్ళాం బొమ్మ వైపు తిరిగింది. తర్వాత సన్నటి గొంతుతో మొదలుపెట్టింది.

"పదకొండేళ్ళ నించీ వింటన్నాను. పొద్దున్న కాఫీలో పంచదార ఎక్కువంటావు, సాయంత్రం తక్కువంటావు. డబ్బా ఒకటే, చెంచా ఒకటే. మారేది నీ నోరే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెళ్ళాం బొమ్మ తల మెల్లగా వాలింది.

"మరి పదకొండేళ్ళూ చెప్పలేదేం?" అంది అది.

"చెప్పనిచ్చావా?"

తెర మీద రెండు నీడలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మొగుడి బొమ్మ చెయ్యి మోచేతి దగ్గర ఊడి వేలాడుతోంది. చివరకు పెళ్ళాం బొమ్మ గొంతు సవరించుకుని, రేపట్నించి తన కాఫీ తనే కలుపుకుంటానని, అప్పుడు ఎవర్ని తిట్టాలో ఆ బట్టతలే చెప్పాలని అంది. అప్పుడు నవ్వారు. బాగా ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ రోజు ఆ కళ్ళకు దొరికిన చుక్కల మందు అదే.

ఆట అయ్యాక, తామూ నేర్చుకుంటామని పదహారు మంది పేర్లిచ్చారు. యజ్ఞేశ్వరరావుగారు పొంగిపోయారు గానీ, అచ్చాయమ్మ మొహంలో దిగులు పోలేదు. ఆయన్ని పక్కకు పిలిచింది.

"నేను పోయేక ఇది నిలబడాలని కదండీ నా తాపత్రయం. వీళ్ళంతా నాకంటే ముందే బయలెల్లేలా ఉన్నారు" అంది.

అచ్చాయమ్మ మళ్ళీ బొమ్మల వైపు తిరిగింది. అక్కడ తాయారు చాప మీద కూర్చుని ఉంది. ఇందాక కంగారులో మోచేతి దగ్గర ఊడిపోయిన మొగుడి బొమ్మ చేతిని దారంతో ముడివేసి, పళ్ళతో దారం తెంపుతోంది. అచ్చాయమ్మ ఆ ముడిని లాగి చూసింది. గట్టిగా ఉంది, అయినా చెయ్యి తేలిగ్గా ఆడుతోంది. ఏమీ అనకుండా మూటలోంచి మేక తోలు ముక్క, చిన్న ఉలి, సుత్తి తీసింది. కింద పెట్టుకోవడానికి ఏదైనా చెక్క కావాలంది. యజ్ఞేశ్వరరావుగారు నన్ను గోడ దగ్గర్నుంచి తెచ్చి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. నా నున్నటి ఒంటి మీద మొదటి రంధ్రం తాయారు కొట్టింది. నొప్పి పుట్టలేదని చెప్పను. మరీ వంకరగా లేదులే అంది అచ్చాయమ్మ.

సోమవారం పేపర్లో వార్త వచ్చింది. యువత పెద్ద సంఖ్యలో పాల్గొన్నదని రాసి, రెప్ప లాగి పట్టుకున్న పాపాయమ్మ ఫోటో వేశారు. 'బొమ్మలను కళ్ళార్పకుండా తిలకిస్తున్న యువతి' అని దాని కింద ఉంది. పాపాయమ్మ ఆ కాగితం కత్తిరించి దాచుకుంది.

బుధవారం హోటలువాళ్ళు వచ్చారు. అచ్చాయమ్మ చేతిలో ఉలి దించకుండానే, దీపాలకు గొడుగులు సంతలో దొరుకుతాయని చెప్పింది. "ఇయ్యి పనిలో ఉన్నాయి బాబూ" అంది.

యజ్ఞేశ్వరరావుగారు కాకినాడ మూడుసార్లు తిరిగి ఒక కంటి డాక్టరును బతిమాలి తీసుకొచ్చారు. నెల తిరక్కుండా ఆ హాల్లోనే నిజమైన కళ్ళ శిబిరం జరిగింది. తొమ్మిది మందికి శుక్లాలు తీయాలన్నారు. పదో చీటీ కళ్ళజోడు కోసం యజ్ఞేశ్వరరావుగారికి రాశారు. కళ్ళజోడు పెట్టుకున్నాక ఆయన తన పాత ప్రకటనల ఫోటోలు తీసి చూసుకుని, ఇన్ని తోకలు ఎవరు పెట్టారని అడిగారు. ఇప్పుడు సమితి ముందు ఫ్లెక్సీ కడుతున్నారు. గేదెలు దానికి రుద్దుకోవు, దాన్ని తినేస్తాయి.

నేను లోపలే ఉన్నాను. ఒళ్ళంతా చిల్లులు. సుద్దముక్కతో ఇక నా మీద ఎవరూ ఏమీ రాయలేరు. దానికి నాకేమీ బాధ లేదు. తప్పులు మోయడం తప్పింది.

మొన్న తాయారు తన సొంత బొమ్మ మొదటిది పూర్తి చేసింది. ముక్కున బేసరి, నడుమున చెయ్యి, గయ్యాళి ముసలమ్మ. ఆపరేషనయిన కంటితో పాపాయమ్మ దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరి బొమ్మో అడగలేదు. ముక్కు మరీ అంత పెద్దది కాదని మాత్రం అంది.

తాయారు బొమ్మను తీసుకుని మళ్ళీ నా మీద పరిచింది. అత్తగారి ముక్కు తగ్గించే అవకాశం ఏ కోడలికి వస్తుంది? ఉలి పదును పెట్టుకుని, చాలా శ్రద్ధగా, చాలాసేపు చెక్కింది.