పిండిన గుడ్డ

టేకు నేల మీద మోకాళ్లూని ఇంద్రాణి ఆరో పలకకు వచ్చింది. ముందే పూలచీపురుతో ఇసుక తీసింది. ఒక్క రేణువు మిగిలినా గుడ్డ కింద పడి గీత గీస్తుంది. తర్వాత నేతగుడ్డను ముంచి, రెండుసార్లు మెలిపెట్టి పిండింది. అరచేతికి చల్లగా తగలాలి, తడి అంటకూడదు. వెంటనే పొడిగుడ్డ. చెక్కలో చార ఎటు పోతే చెయ్యీ అటే పోవాలి. మగ్గం పక్కన పుట్టిన మనిషికి పడుగు దారి ఒకరు చెప్పే పని లేదు.

రోజూ తిరుత్తణి నుంచి తిరువళ్లూరుకు లోకల్ రైల్లో వచ్చి, పదకొండేళ్లుగా ఈ మేడమీది హాలు తుడుస్తోంది. ఇచ్చింది రెండు మోకాళ్లు, ఒక నడుము. తెచ్చుకున్నది ఇల్లు గడవడం, ఒక పేరు. ఆమె తుడిచిన నేల మీద వెలుతురు నిలుస్తుందని వీధిలో అంటారు. ఇచ్చినదానికి వచ్చింది తక్కువేనని ఆమెకు తెలుసు. అందుకే ఆ పేరును మాత్రం ఎవరికీ వదలదు.

పెద్దాయన ధనకోటి పోయాక ఇల్లు కోడలు భార్గవి చేతికి వచ్చింది. శుక్రవారమంటే ఇల్లు కడగాల్సిందే ఆమెకు. పోయిన ఆడికృత్తిక పండక్కి ఇంద్రాణి రెండు రోజులు రాకపోతే, కింద బండలకు పోసినట్టే పైన కూడా పసుపునీళ్లు పోసి కడిగింది. వారం తిరిగేసరికి కిటికీ దగ్గర మూడు పలకలు ఉబ్బి అంచులు లేచాయి. చుట్టాలు అడిగితే, పనిమనిషి తడిగుడ్డ వేసిందని చెప్పింది. ఇంద్రాణి ఆ మాట విన్నది. ఫ్యాను పెట్టి, తెర దించి మూడు నెలలు కాచుకుంటే రెండు పలకలు దిగాయి. మూడోది దిగలేదు.

ఈరోజు మళ్లీ శుక్రవారం. పసుపునీళ్ల బక్కెట్ మెట్ల మీద పెట్టి భార్గవి వచ్చి నిలబడింది.

"ఇంద్రాణక్కా, ఇంకా గుడ్డతో ముద్దు చేస్తా ఉండావా? నీళ్లు పొయ్యి."

"కింద పోసినాను. ఇది బండ కాదమ్మా, మాను."

"చెట్టుగా ఉన్నప్పుడు వానలో తడవలేదా అది?"

"అప్పుడు బతికి ఉన్నింది. తాగినంత తాగి మిగతాది విడిచేది. ఇప్పుడు తాగేదే గానీ విడిచేది తెలీదు దానికి."

భార్గవి నవ్వబోయి ఆగింది. నీళ్లు పోస్తే ఉండమంది, లేకుంటే రేపటి నుంచి రావద్దంది. తుడిచేవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారంది.

ఇంద్రాణి తూచి చూసుకుంది. నీళ్లు పోస్తే పని మిగులుతుంది, పేరు పోతుంది. వేరే పని దొరుకుతుంది, వేరే పేరు దొరకదు.

"ఈ బేరం నాకు గిట్టదమ్మా. పోయినసారి నీళ్లు పోసింది నువ్వు, మాట పడింది నేను. నా చేత్తో పొయ్యను."

భార్గవి కిందికి దిగింది. ఇంద్రాణి తొందరపడలేదు. చివరి పలకదాకా తుడిచింది. దిగని పలక అంచును ఇంకోసారి తుడిచింది. మెట్ల మీది పసుపునీళ్ల బక్కెట్ మోసుకొని దిగి, నీళ్లన్నీ పెరట్లో మల్లెపాదులో పోసింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, రోజూ చెప్పే "వస్తానమ్మా" చెప్పలేదు.

"పోతానమ్మా" అనేసి రైలుకు నడిచింది.

మధ్యాహ్నం భార్గవి బక్కెట్ మళ్లీ నింపుకొని పైకి వచ్చింది. నేలంతా వెలుతురు పరుచుకుని ఉంది. బక్కెట్ వంచబోయింది. ఈసారి పలకలు లేస్తే చెప్పడానికి ఎవరి పేరూ లేదు. బక్కెట్‌ను గడప ఇవతలే దించింది.

కిటికీ కమ్మీ మీద ఇంద్రాణి నేతగుడ్డ మడత విప్పి ఆరేసి ఉంది. దాని కింద చెక్క మీద ఒక్క చుక్క లేదు.