మబ్బు తాత పాట ఎవరిది?

నాకు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే బిడియం. అందుకే ప్రెస్సుకి నానమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను.

ప్రెస్సు బాబాయి ఏడాది పొడుగునా శుభలేఖలు, రసీదు పుస్తకాలు అచ్చు వేస్తాడు. ఏటా ఒక్కసారి మాత్రం బడిపిల్లల కథలతో చిన్న పుస్తకం తెస్తాడు. ఈసారి అందులో నా కథ ఉంది. నేను రాసింది అచ్చులో రావడం ఇదే మొదలు. రేపు పొద్దున్నే పుస్తకం మిషనెక్కుతుందట.

బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, నా కాగితాల మీద వేలు పెట్టాడు. "కథ బాగుందమ్మా. వాన ఆగక బడి మూతపడితే, చిన్నపిల్ల నిచ్చెనెక్కి మబ్బుకి కుట్టు వేయడం... భలే! మరి ఈ పాట ఎవరిది?"

గుండీ ఊడిన మబ్బు తాతా,
నీళ్ళన్నీ కారిపోయె!
జిప్పు వేస్తా, కదలకు తాతా,
సూది గుచ్చితే నవ్వాలోయి!

నేను నానమ్మ వైపు చూశాను.

"ఎవరిదేంటి నాయనా! మా వీధిలో పిల్లలంతా పాడతారు. మా అమ్మమ్మ కాలం నాటిది," అంది నానమ్మ.

"మీ అమ్మమ్మ కాలంలో జిప్పులున్నాయా పెద్దమ్మా?"

నానమ్మ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బాబాయి నా వైపు తిరిగాడు.

"చూడమ్మా, ఎవరు కట్టారో తెలియని పాత పాటైతే పేచీ లేదు. ఇది కొత్తది. కట్టినవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ళను అడక్కుండా అచ్చు వేయకూడదు."

"నాలుగు లైన్లే కదా," అన్నాను నెమ్మదిగా.

"పాటే నాలుగు లైన్లయితే, పాటంతా తీసుకున్నట్టే కదా!"

"పోనీ, కింద వాళ్ళ పేరు వేస్తే?" అంది నానమ్మ.

"పక్కింటివాళ్ళ సైకిలు చెప్పకుండా తీసుకెళ్ళి, ఇది పక్కింటివాళ్ళదని ఊరంతా చెబితే సరిపోతుందా? అడగాలి. ఏ పాట, ఏ పుస్తకం కోసం అని రాసి సంతకం చేయించుకు రండి. లేదంటే ఈ ఏటికి కథ పక్కన పెట్టేయాల్సిందే."

దారి పొడుగునా నానమ్మ "జిప్పట, జిప్పు!" అని గొణుగుతూనే ఉంది. నేను పాటలోనే వెతుక్కుంటూ నడిచాను. గుండీ, జిప్పు, సూది...

"నానమ్మా, మిషనత్త!" అని అరిచాను. దారినపోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

మిషనత్త మా వీధి అందరికీ బట్టలు కుడుతుంది. ఆమె గదిలో కాలు పెడితే మడమ దాకా గుడ్డ పేలికలే. మమ్మల్ని చూసి, పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి, చేతికి కట్టుకున్న మెత్తకి గుచ్చింది.

"ఆ పాటా? నేనే కట్టాను," అంది. "ఒంటి మీద ఉండగా జిప్పు సరిచేస్తుంటే పిల్లలు మెలికలు తిరిగిపోతారు. పాట అందుకున్నారంటే నిలబడతారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అంది నానమ్మ.

"'మా అమ్మమ్మ పాట' అని మీరే ఊరంతా చాటుతుంటే, పెద్దావిడ మాట కాదని ఎలా అనను?"

నానమ్మ అర్జెంటుగా పేలికలు ఏరడం మొదలుపెట్టింది.

పుస్తకం సంగతి, సంతకం సంగతి చెప్పి కాగితం ఇస్తే అత్త చదివింది. మొహం మారిపోయింది. "నవ్వాలోయి ఏంటి? నేను కట్టింది ఏడవకోయి కదా!"

"నేనే మార్చానత్తా. చివర్లో తాత నవ్వుతాడు. ఆ నవ్వుకి వాన ఆగిపోతుంది."

"నేను కుట్టిన జాకెట్టుకి నువ్వు చేతులు కత్తిరించేసి, అత్త కుట్టిందని చెప్పుకుంటే నాకెలా ఉంటుంది? సూది గుచ్చితే ఎవరైనా నవ్వుతారా? ఏడుపొస్తుంది. ఆపుకోవాలి. నా పాట నా పాటలాగే ఉంటే సంతకం పెడతా."

"ఒక్క మాటకి ఇంత బెట్టా!" అంది నానమ్మ.

నాకు మాత్రం అత్త మాటే నిజమనిపించింది. కానీ తాత నవ్వకపోతే నా కథకి ముగింపే లేదు. పాట తీసేద్దామా అంటే, ఇక మబ్బు తాతే లేడు.

"అత్తా, కాసేపు ఇక్కడే కూర్చోనా?"

"కూర్చో. ఆ పేలికల కింద కత్తెరుంది, చూసుకో."

పాటలో 'నవ్వాలోయి' కొట్టేసి 'ఏడవకోయి' అని పెట్టాను. మిషను గడగడలాడుతుంటే ముగింపు రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. అత్త చేతిలో లంగా అంచు పూర్తయ్యేసరికి నాదీ పూర్తయింది. కాగితం ఇవ్వబోతే, "చేతులు ఖాళీ లేవు, చదువు" అంది. ఎవరి ముందూ పైకి చదవని నేను, గోడ వైపు తిరిగి చదివాను.

"సూది గుచ్చుకుంది. తాత బుగ్గలు ఉబ్బించాడు. పెదవి కొరికాడు. గొంతు దాకా వచ్చిన ఉరుము మింగేశాడు. కానీ ఒక్క చుక్క మాత్రం జారి పిల్ల ముక్కు మీద టప్పున పడింది. 'అది ఏడుపు కాదే, చెమట' అన్నాడు తాత. కుట్టు బిగిసింది. వాన ఆగింది."

వెనకాల మిషను చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే అత్త పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"చెమటట! ఆ మాట ఎవరిదే?"

"నాదే అత్తా," అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

"బాగుంది. కాగితం ఇటు తే." పాట పేరు, పుస్తకం పేరు రాసి సంతకం పెట్టింది. ఆగి, 'ఈ ఒక్క పుస్తకానికే' అని కూడా రాసి కింద గీత గీసింది. "ఇంకో పుస్తకం రాస్తే మళ్ళీ వచ్చి అడుగు."

"వస్తానత్తా," అన్నాను.

నానమ్మ అప్పటికే గుమ్మం దాటేసింది. "పదవే, ప్రెస్సు మూసేస్తాడు!"