వెర్నెల్ టగుల్ గారి వారసులకు

మా ఊళ్లో చచ్చిపోయిన మనిషిని తిరిగి బతికించిన మొనగాడు ఎవరయ్యా అంటే, అది నేనే. పాస్టరు గారు కాదు, డాక్టరు కాదు. హోసియా గ్రాంబ్లింగ్ అనే నేను. ఆరో తరగతితో బడికి దండం పెట్టి, పత్తి మిల్లులో లారీ తోలి ముసలివాణ్ణయినవాణ్ణి. నమ్మకపోతే మా మంగలి షాపులో ఎవరినైనా అడగండి. వాళ్లూ నమ్మరు, అది వేరే సంగతి. ముందు ఆ చచ్చిపోయిన మనిషి ఆ రోజు పొద్దున ఏం చేస్తూందో చెప్పాలి. దుప్పట్లు ఇస్త్రీ చేస్తూంది.

ఆస్పత్రి నేలమాళిగలో గోడలు కూడా చెమటలు కక్కుతూ ఉంటాయి. మంచమంత పొడవున్న ఇస్త్రీ రోలరు ఒకటి అక్కడ తెల్లవారుజాము నుంచీ తిరుగుతూనే ఉంటుంది. తడి దుప్పటి ఎడమ కొస వెర్నెల్ పట్టుకుంటుంది, కుడి కొస క్లోరిస్ పట్టుకుంటుంది. ఇద్దరూ కలిసి ఒక్క విదిలింపు విదిలించి, అంచును రోలరు నోటికి అందిస్తారు. అవతలి వైపునుంచి అది అప్పడంలా వేడివేడిగా బయటికి వస్తుంది. మళ్లీ ఇంకొకటి. వెర్నెల్ పొడగరి. ఏళ్ల తరబడి బల్ల మీదికి వంగి వంగి భుజాలు ముందుకు వచ్చేశాయి. ముంజేతుల మీద కాలిన మచ్చలు, పాతవి నల్లగా, కొత్తవి గులాబిరంగులో. వేళ్ల కొసలు వేడికి నున్నబడిపోయాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయని బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కుని, పొద్దుటి పూట వాటి ముక్కుల్లో కాగితం కుక్కుకుంటుంది. మధ్యాహ్నం దాటాక ఆ కాగితం తీసేస్తుంది.

"చచ్చినదానివి, నీకింత చెమటెందుకే?" అంది క్లోరిస్.

"నన్ను పంపిన చోటు అలాంటిది మరి."

"అక్కడ కూడా దుప్పట్లేనా?"

"అక్కడ జీతం మెరుగు. పట్టుకో, అంచు జారుతోంది."

ఆ చావు ఎలా వచ్చిందంటే, వెర్నెల్ మొగుడు ఓథా నిజంగానే పోయాడు. పోయిన వారానికే ఆమె నల్లబట్టల్లోనే మెయిన్ స్ట్రీట్‌లో ఉండే ఫర్నిచర్ షాపుకి వెళ్లింది. మంచం, బీరువా, అద్దాల బల్ల వాయిదాల మీద తెచ్చుకున్నారు, ఇద్దరి పేర్లతో. జన్మలో వాళ్లు చేసిన అప్పు అదొక్కటే. మిగిలిన కాస్తా కట్టేసి, ఓథా మరణపత్రం బల్ల మీద పెట్టి, "మా ఆయన అప్పుతో నేలలో పడుకోవడం నాకిష్టం లేదు" అంది. అక్కడి గుమాస్తా ఆ ఖాతాకి చావుగుర్తు పెట్టాడు. ఖాతాలో పేర్లు రెండు, గుర్తు ఒకటి. అలా ఓథాతోపాటు వెర్నెల్ కూడా పోయింది. కొన్నాళ్లకి షాపూ పోయింది. ఇప్పుడక్కడ గోళ్లకి రంగులేస్తారు.

ఆ సంగతి ఆమెకి ఎన్నో ఏళ్లు తెలియలేదు. రొక్కం ఇచ్చి కొనుక్కునేవాళ్లకి, అప్పిచ్చే ముందు బ్యాంకుల వాళ్లు చూసే స్కోరు తమదెంతో తెలుసుకునే పనేముంటుంది? ఇల్లు అమ్మకానికి వచ్చాక తెలిసింది. అద్దె ఇల్లే, కాని పెళ్లయిన దగ్గర్నుంచీ అందులోనే ఉంది. ఇంటి యజమాని పోయాడు. లిటిల్ రాక్‌లో ఉండే ఆయన కూతురు, మంచిదే పాపం, "ముందు నిన్నే అడుగుతున్నాను మిస్ వెర్నెల్, ఈ నెలాఖరుదాకా ఎవరికీ ఇవ్వను" అంది. వెర్నెల్ ఇంటి అప్పు కోసం బ్యాంకుకి వెళ్తే అక్కడి కుర్రాడు కంప్యూటరు వంక చూసి, ఆమె వంక చూసి, మళ్లీ కంప్యూటరు వంక చూశాడట.

ఆ ఇల్లే ఎందుకంటారా? స్నానాల తొట్టి కోసం. నదిగట్టు దగ్గర పాత హోటలు పడగొడుతున్నప్పుడు ఓథా ఒక ఇనప తొట్టి కొన్నాడు, సింహం పంజాల కాళ్లున్నది. నలుగురం కలిసి కదపలేకపోయాం. ఓథా దాన్ని బోర్లించి, కిందకి దూరి, వీపు మీదికి ఎత్తుకుని తాబేలులా ఊరంతా నడిచాడు. కుక్కలు అరవడం మరిచిపోయాయి. గోడ కొట్టి లోపల పెట్టి మళ్లీ గోడ కట్టాడు. అది బయటికి రావాలంటే ఇల్లు కూలాలి. పని నుంచి వచ్చి ఆ తొట్టి అంచు మీద కూర్చుని, వేడినీళ్లలో పాదాలు పెట్టుకోవడం కోసమే వెర్నెల్ రోజంతా నిలబడేది.

అందుకని బతకడానికి పూనుకుంది. అప్పుల చరిత్ర రాసే కంపెనీకి తనే ఉత్తరం రాసింది, డ్రైవింగు లైసెన్సు నకలు పెట్టి, జీతం చీటీ పెట్టి, 'నేను బతికే ఉన్నాను, దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను' అని. జవాబు వచ్చింది. విచారించాం, మా దగ్గరున్న వివరం సరైనదే అని. కవరు మీద చిరునామా 'వెర్నెల్ టగుల్ గారి వారసులకు' అని ఉంది. కవరు చించుతూ, "వారసులెవరూ లేరు బాబూ, నేనే తెరుస్తున్నాను" అంది గాలితో.

ఊళ్లో అందరికీ తెలిసింది. మాలో ఎవరైనా పోతే ఆ ఇంటికి వంట పట్టుకెళ్తాం. పళ్లెం అడుగున బంకపట్టీ అంటించి పేరు రాస్తాం, తిరిగి చేరడానికి. ఖాళీ పళ్లెం తిరిగివ్వడం మర్యాద కాదు, అందులో ఏదో ఒకటి పెట్టే ఇవ్వాలి. క్లోరిస్ నవ్వుతాలుకి వేయించిన కోడి పట్టుకుని పనికి వచ్చింది. "నీ సంతాపానికి వచ్చానే" అని. వెర్నెల్ తొడముక్క తీసుకుని, "పోయినావిడ మంచిది, ఉప్పు ఇంకాస్త వేసేది" అంది.

రెండోసారి కంపెనీ ఒక కాగితం పంపింది. అందులో రెండు గళ్లు. ఒకటి, ఖాతాలో తప్పు సరిచేయండి. రెండోది, ఖాతా మొత్తం తీసేయండి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని వెర్నెల్ ఎక్కువసేపు ఆలోచించలేదు. మా తరం వాళ్లమెవరం ఆలోచించం. అప్పుల జాబితాలో పేరుండటమే తలవంపు అని మా తల్లులు పాలతో పాటు పోశారు. తీసేయమన్న గడిలో గట్టిగా టిక్కు పెట్టింది, కాగితం అవతలికి దిగేలా.

ఇక్కడ నేను బతికించిన ముచ్చట చెప్పాలి. నేను చేసిందల్లా ఆ కవరుకి తపాలాబిళ్ల నాకి అంటించడం. అది కూడా వంకరగా అంటించానని ఆవిడ పీకి మళ్లీ అంటించింది. ఇంకేమైనా చేశానంటే, మా మంగలి షాపు వాళ్లే కరెక్టు.

మొదట్లో చెప్పిన ఆ ఇస్త్రీ రోజున ఆమె సంచీలో మూడో ఉత్తరం ఉంది. ఈసారి కవరు మీద వారసులు లేరు, వెర్నెల్ టగుల్ అనే ఉంది. భోజనం గంట కొట్టగానే ఆస్పత్రి వెనక గుమ్మంలోంచి చర్చి బూట్లు వేసుకుని వచ్చింది. నా పాత ట్రక్కు అక్కడ నిలబెట్టి ఉంచాను.

"తల మీద ఆ గుడ్డ తీయి, పెళ్లికూతురా," అన్నాను.

"తీస్తే జుట్టు ఆవిరికి ఎలా ఉందో చూసి నన్ను మళ్లీ పాతిపెడతారు. పోనియ్, బ్రదర్ హోసియా, పోనియ్."

దారిలో ట్రక్కు రెండుసార్లు ఆగింది. ఇద్దరం దిగి తోశాం. ఆమే ఎక్కువ తోసింది.

బ్యాంకు కుర్రాడు ప్రూయిట్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు. నేను గుమ్మం పక్కన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, దాహం లేకపోయినా తాగుతూ నిలబడ్డాను.

"శుభవార్త, మిసెస్ టగుల్. మీరు బతికే ఉన్నారమ్మా!"

"నాకు అనుమానంగానే ఉండింది బాబూ."

అతను నవ్వి మీటలు నొక్కాడు. నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"అమ్మా, మీకు స్కోరు లేదు."

"సున్నా వచ్చిందా?"

"సున్నా కూడా కాదమ్మా. ఏమీ లేదు. మీ పేరు మీద ఉన్న ఖాతా అదొక్కటే. అది తీసేయించారు కదా."

"చావుగుర్తు తీసేయమన్నాను."

"చావుగుర్తు ఒక్కటీ తీసేయమంటే వేరుగా ఉండేది. మీరు ఏళ్ల తరబడి ఒక్క వాయిదా తప్పకుండా కట్టారు. అదంతా అక్కడే ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఈ లెక్క ప్రకారం మీరు... ఎలా చెప్పనమ్మా, ఇవాళే పుట్టారు."

వెర్నెల్ చేతులు బల్ల మీద ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. దుప్పటి మడిచి చదును చేసినట్టు.

"మళ్లీ పెట్టించడానికి ఆ షాపు లేదు కదూ?"

"లేదమ్మా. చిన్న కార్డు ఒకటి ఇస్తాను. పెట్రోలుకో, సరుకులకో వాడి నెలనెలా కట్టండి. వేసవి నాటికి ఏదో ఒకటి వస్తుంది."

"ఇల్లు ఈ నెలాఖరు వరకే."

అతను కార్డు కాగితం ఆమె ముందుకు జరిపాడు. మంచి కుర్రాడే. అతని చొక్కా కాలరు మీద ఇస్త్రీ ముడత ఒకటి ఉంది. వెర్నెల్ దాన్నే చూస్తూ కూర్చుంది. లేచేటప్పుడు, "మీ అమ్మతో చెప్పు, కాలరు కొసనుంచి మధ్యకి చేయమని," అంది.

ట్రక్కులో నేను తిట్లు మొదలుపెట్టాను. కంపెనీని, షాపుని, కంప్యూటరు కనిపెట్టినవాణ్ణి. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది.

"టిక్కు పెట్టింది నేను," అంది చివరికి. "శుభ్రంగా ఉండాలనుకున్నాను. మరీ శుభ్రమైపోయాను."

తర్వాత నేలమాళిగలోకి దిగి, బూట్లు మార్చుకుని, ఎడమ కొస పట్టుకుంది. క్లోరిస్ కుడి కొస అందుకుంది. విదిలింపు, అంచు, రోలరు. సాయంత్రం దాకా ఆ ఒక్క చప్పుడే.

పొద్దు వాలుతుండగా నా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో నీలంపువ్వుల గాజు పళ్లెం, పైన గుడ్డ కప్పి. అడుగున బంకపట్టీ, దాని మీద నిటారు అక్షరాల్లో ఆమె పేరు. పీచ్ పళ్లతో చేసిన తీపి వంట అది. ఇంకా కాలుతోంది. ఆమె పాదాలు బూట్ల అంచుల మీదికి పొంగి ఉన్నాయి.

"ఇదేమిటి?"

"నీ పెట్రోలుకి."

"పాదాలు నీళ్లలో పెట్టుకోకుండా ఇదెప్పుడు చేశావు?"

"ముందు ఇది చేశాను. ఇప్పుడు వెళ్లి పెట్టుకుంటాను. ఇంకా ఉందిగా తొట్టి." మెట్టు మీద కూర్చుంది. "పైన్ బ్లఫ్‌లో చెల్లెలుంది. గది ఒకటి ఖాళీగా ఉందంటుంది. వాళ్లింట్లో షవరు."

"నిలబడి చేసేది స్నానమా? వానలో తడవడం."

ఆ రోజంతటికీ అప్పుడే నవ్వింది. ముందు పళ్లలో ఒకటి లేదు ఆమెకి. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ రోజు పెట్టుకోలేదు.

"పళ్లెం తిరిగివ్వు, బ్రదర్ హోసియా. నీ అలవాటు నాకు తెలుసు."

"ఇస్తాను. ఏదైనా వండి ఇస్తాను."

"నువ్వు వండుతావా? అయితే పళ్లెం నువ్వే ఉంచుకో."

నెలాఖరుకి ఆమె బస్సెక్కింది. మంచం, బీరువా, అద్దాల బల్ల క్లోరిస్ అల్లుడు బండిలో వేసుకుని ముందే వెళ్లాడు. నేను పళ్లెం సంగతి బస్టాండు దాకా గుర్తుపెట్టుకున్నాను, అక్కడ మరిచిపోయాను. నాకు వండటం రాదు. ఖాళీగా ఇవ్వడం మర్యాద కాదు. ఎండాకాలం గడిచింది. బ్యాంకు కార్డుతో సరుకులు కొంటున్నానని, ఏదో స్కోరు వచ్చిందని ఒకసారి ఫోనులో చెప్పింది. ఎంతని అడగలేదు.

పత్తి ఏరే రోజుల్లో క్లోరిస్ మంగలి షాపు గుమ్మంలోకి వచ్చి, "వెర్నెల్ పోయింది," అంది.

"మళ్లీనా?" అన్నాడు కుర్చీలో ఉన్నవాడు. అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను. క్లోరిస్ నవ్వలేదు. మంగలి కత్తెర ఆపాడు.

పొద్దున్నే పైన్ బ్లఫ్‌లో కుదిరిన పనికి బయల్దేరబోతూ మంచం అంచు మీద కూర్చుని, బూటులో కాగితం కుక్కుకుంటూ అలాగే ఒరిగిపోయిందట.

ఊరంతా వంట చేసింది. చేశాక తెలిసింది, పట్టుకెళ్లడానికి ఇల్లు లేదని. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లు. కిటికీలోంచి ఆవిరి కనిపిస్తే, తొట్టి వాడుతున్నారని అనుకుంటాం.

ఓథా తొట్టి మోసిన సంగతిలో అబద్ధమేమీ లేదు, మహా అయితే కుక్కలు కొంచెం అరిచి ఉండొచ్చు. నేను కల్పించింది ఒక్కటే. పళ్లెం అడుగున నిటారు అక్షరాల్లో ఆమె పేరు ఉందన్నాను కదా, అది లేదు. ఆమె తెచ్చిన రోజుకే ఎన్నో ఇళ్లు తిరిగి, కడిగి కడిగి, ఆ పట్టీ ఊడిపోయింది. పళ్లెం మాత్రం నా వంటింటి అరలో ఉంది. బోర్లిస్తే గాజు మీద జిగురు అంటిన చదరపు మరక ఒకటి కనిపిస్తుంది, వేలు పెడితే ఇప్పటికీ కొంచెం అంటుకుంటుంది.