జాబితాలో లేని సూది

మనవరాలి సంచిలో బట్టలు సర్దుతున్నాను. హాస్టల్‌కి తిరుగు ప్రయాణం. అది నేలమీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని సైకాలజీ ల్యాబ్ రిపోర్టు రాస్తోంది. బస్సు వచ్చేలోగా పంపెయ్యాలట.

బడికి వెళ్ళకపోయినా కంటబడిన కాగితమల్లా చదవడం నాకు అలవాటు. ఈ రిపోర్టు వైపు మాత్రం వారం నుంచీ కన్నెత్తి చూడలేదు. అందులో నేనూ ఉన్నాను. పోయిన ఆదివారం అది మా అందరికీ, పక్కింటి వాళ్ళకీ కొన్ని మాటలు చదివి వినిపించి, గుర్తున్నవి రాయమంది. దారం, గుండీ, కత్తెర, కుట్టు, అతుకు... నేను సూది కూడా రాశాను. అది 'సూది' అన్న గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తర్వాత బల్లమీద ఆ జాబితా కనబడితే చదివాను. అందులో సూది లేదు.

మా అక్కకీ మతి తప్పడం ఇలాగే మొదలైంది. ఎవరూ పిలవకుండానే "ఆఁ, వస్తున్నా" అంటూ లేచేది.

సంచి మీదికి వంగేసరికి నా స్వెట్టర్ మెడ వెనక్కి తిరగబడినట్టుంది.

"ఇదేంటమ్మమ్మా?" మనవరాలు లేచొచ్చి, నేను లోపలివైపు కుట్టుకున్న గుడ్డపీలిక పట్టుకుంది. దానిమీద ఇంటి అడ్రసు, వాళ్ళమ్మ ఫోన్ నంబరు. "నువ్వు కూడా హాస్టల్లో చేరుతున్నావా? నా గదిలోకి మాత్రం రాకు తల్లీ, నీ గురకకి నేను పరీక్ష తప్పుతాను."

"నవ్వులాట కాదే. దారి తప్పితే ఎవరైనా తెచ్చి దింపుతారని."

"వీధిలో అందరికీ దారి చెప్పేదానివి, నువ్వు తప్పడమేంటి?"

నేను సంచి జిప్పు లాగాను.

అది మళ్ళీ రిపోర్టు ముందు కూర్చుంది. పంపేముందు పైకి చదువుకోవడం దాని అలవాటు. "ప్రయోగం ముగిశాక, పాల్గొన్న వారందరికీ దాని అసలు ఉద్దేశం వివరించడమైనది."

"నాకెవరూ వివరించలేదే," అన్నాను.

దాని వేళ్ళు ఆగిపోయాయి. "నువ్వు పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తావు. నీకొక్కదానికే చెప్పడం మర్చిపోయానా?"

"నేను తప్పు రాశానే. సూది లేదు."

"అది రాయించడానికేగా ఆ మాటలు ఏరింది. అన్నీ సూది చుట్టూ తిరిగేవే, సూదినొక్కదాన్నే వదిలేశాను. మిగతాది మనసే పూరించుకుంటుంది. సగానికి పైగా రాశారు. అమ్మ రాసింది. పక్కింటి మాస్టారైతే నేను చదివాననే ఇంకా పోట్లాడుతున్నారు. ఎవరూ రాయకపోతే నా రిపోర్టు గంగలో కలిసేది."

"మీ అమ్మ కూడానా?"

"ఒట్టు."

మంచం అంచున కూలబడ్డాను. వారంగా గుండెల మీద బండలా కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. నవ్వాగలేదు. "నీ చదువు తగలెయ్య, ముందే చెప్పొద్దూ."

"ముందే చెబితే ప్రయోగమెలా అవుతుంది? తర్వాత చెప్పాలి. చెప్పలేదు. తప్పు నాదే." రిపోర్టులోని ఆ వాక్యం మళ్ళీ చూసుకుని, "ఇప్పుడిది నిజమైంది," అంటూ పంపేసింది.

కత్తెర తెచ్చి నా మెడ వెనక కుట్లు విప్పింది. గుడ్డపీలికని తన సంచిలో పడేసుకుంది.

"అదెందుకే నీకు?"

"నేను దారి తప్పితే పనికొస్తుంది."

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

మా అక్క, ఒంటిమీద ఏ అడ్రసూ లేకుండా, మందుల షాపుకని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ వారమే వానలు మొదలయ్యాయి. మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు, గుర్తుండదు.