సత్యవేణి బరువు

నేను ఒక ఎలక్ట్రానిక్ కాటాను. పుట్టింది గుజరాత్‌లో ఒక కార్ఖానాలో, పెరిగింది అనకాపల్లి బెల్లం మార్కెట్లో. అక్కడ నా బతుకు హాయిగా ఉండేది. దిమ్మలు ఎక్కేవి, దిగేవి. ఏ దిమ్మా నా ఎర్ర అంకెలు చూసి ఏడవలేదు. ఎందుకు పెరిగావని ఏ దిమ్మనీ ఎవరూ తిట్టలేదు.

ఆ కొట్టు మూతపడ్డాక, విజయనగరం దగ్గర ఒక పల్లెలో షెడ్డు వేసి పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే అప్పన్న మాస్టారు నన్ను కొనుక్కొచ్చారు. మనుషుల సంగతి నాకు అప్పుడు తెలిసింది. నా మీదకెక్కే ముందు చెవిదుద్దులు తీస్తారు, జడక్లిప్పు తీస్తారు, ఊపిరి బిగబడతారు. గాలిని కూడా తూచేస్తానని భయం కాబోలు! భలే నవ్వొచ్చేది. సత్యవేణి వచ్చాక ఆ నవ్వు పోయింది.

సత్యవేణి తొమ్మిదో తరగతి పిల్ల. బార్ ఎత్తితే షెడ్డంతా ఈలలే. రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఒంటి బరువును బట్టి ఒక్కో కేటగిరీలో ఒక్కరినే పంపుతారు. కింది కేటగిరీలో గట్టి పోటీ లేదు కాబట్టి పిల్ల అక్కడే ఉండాలని మాస్టారి పట్టు. ఆయన చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఆయనకూ ఇలాగే కడుపు మాడ్చారు, అంతే. కానీ ఎదిగే పిల్ల ఎదగకుండా ఆగుతుందా? రాత్రి అన్నం మానేసింది. మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకుని పరిగెత్తింది. చివరికి ఒంట్లో నీరు తగ్గితే బరువూ తగ్గుతుందని నోట్లో చింతపండు పెట్టుకుని, ఊరిన ఉమ్మినంతా సీసాలో నింపడం మొదలెట్టింది. పొద్దున్నే నా అంకెలు చూశాకే ఆ రోజు నవ్వాలో వద్దో తేల్చుకునేది. ఒకనాడు బార్ ఎత్తుతూ కళ్లు తిరిగి కూలబడింది. బార్ పక్కకు పడబట్టి బతికిపోయింది. నాకు చేతనైతే అబద్ధం చెప్పేదాన్ని. కాటాకు ఆ భాగ్యం లేదు.

సెలెక్షన్లు మా షెడ్డులోనే జరిగాయి. సత్యవేణి నా మీదకెక్కింది. అంకెలు కింది కేటగిరీ హద్దు దాటి ఆగాయి.

"కొంచెమే ఎక్కువుందే తల్లీ! ఇంకా టైముంది. స్వెట్టరేసుకుని ఊరు చుట్టి వచ్చీ," అన్నారు మాస్టారు.

ఆమె దిగలేదు. "నాను పరిగెత్తను మాస్టారూ. నానేటి బస్తానా, కొంచెం ఒలకబోసీడానికి? పై కేటగిరీలో రాయించీండి."

"అక్కడ పెద్ద పిల్లలున్నారే! ఓడిపోతావు."

"ఓడిపోతే పోతాను. ఆకలితో మాత్రం ఎత్తను."

మాస్టారు నా వంక చూశారు. నా దగ్గర అంకెలు తప్ప ఏముంది? తర్వాత పిల్ల వంక చూశారు. చెంపలు పీక్కుపోయిన ఆ ముఖాన్ని ఆయన సరిగ్గా చూడడం అదే మొదలనుకుంటాను. వెళ్లి కేటగిరీ మార్పించారు. ఇడ్లీలు, గుడ్లు, అరటిపళ్లు తెచ్చి, ఎదురుగా కూర్చుని తినిపించారు.

ఆ మధ్యాహ్నం సత్యవేణి అంతకుముందెన్నడూ ఎత్తనంత బరువు ఎత్తింది. దించమనేదాకా దించలేదు. వచ్చింది రెండో స్థానం. వెళ్లేది ఒక్కరే.

మర్నాడు మాస్టారు నా వైరు పీకి మూలకు నెట్టి, గోనెపట్టా కప్పారు. పోటీలప్పుడు తప్ప ఇక బయటికి తీయరట. నాకేం బాధ లేదు. పట్టా చిరుగులోంచి షెడ్డంతా కనిపిస్తుంది.

సత్యవేణి చేతులకు సుద్దపొడి రాసుకుని బార్ ముందు నిలబడింది. "వచ్చే ఏడు ఈ పై కేటగిరీలోనే రాష్ట్ర పోటీలకి ఎల్తాను మాస్టారూ. బార్‌కి ఇంకో ఇనప బిళ్ల ఎక్కించీండి."

"పొద్దున ఏటి తిన్నావో ముందు అది చెప్పు," అన్నారు మాస్టారు.