పచ్చగా వెలిగిన తప్పు

మా తోడికోడలు రాసిన ప్రోగ్రాము ఎప్పుడు తప్పు చేస్తుందా అని మొదటి రోజు నుంచీ కాచుకుని కూర్చున్నాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

మా ఆఫీసు పని విమానాలకి దారి చెప్పడం. ఏ విమానాశ్రయంలో ఎటు నుంచి దిగాలి, ఏ మలుపు దగ్గర ఎంత ఎత్తు కంటే కిందికి రాకూడదు, ఇవన్నీ అంకెలుగా ఒక ఫైల్లో పెట్టి విమాన కంపెనీలకి పంపుతాం. వాళ్ళు దాన్ని విమానంలోని కంప్యూటరుకి ఎక్కిస్తారు. దారులు మారినప్పుడల్లా కొత్త ఫైలు. మొన్నమొన్నటిదాకా దాన్ని మనుషులమే సరిచూసేవాళ్ళం. ఒకరు అసలు కాగితం పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద అంకె చూసి "ఊఁ" అనాలి. చదివేది మేమంతా మైకు అని పిలిచే ఆయన. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆ గొంతు అలాంటిది. "ఊఁ" అనేది నేను. నా ఉద్యోగమంతా ఆ ఒక్క "ఊఁ" మీదే గడిచింది. నవ్వితే నవ్వండి.

సరిగ్గా ఆ పనికే ఆమె ప్రోగ్రాము రాసింది. ప్రతి అంకె హద్దులో ఉందా, కిందటి ఫైలుకీ దీనికీ ఎంత తేడా ఉంది అని చూసుకుని, అంతా బాగుంటే పచ్చగా వెలుగుతుంది. మైకుని వేరే విభాగానికి పంపేశారు. పైగా ఆమెని ఈ ఆఫీసులో చేర్పించింది నేనే! ఇంట్లో చిన్నకోడలు ఏం చేసినా ముద్దే, ఇక్కడ కూడా అదే భాగోతమా అని ఒళ్ళు మండిపోయేది.

ప్రోగ్రాము మొదటిసారి ఒంటరిగా పనిచేసిన రోజున మా ఆఫీసు పెద్దాయన నన్ను చూసి "ఈసారి మీరు హాయిగా కూర్చోండమ్మా" అన్నాడు. హాయిగానా! వెళ్ళి ఫైలు తెరిచి, కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కదాన్నే మొదలుపెట్టాను.

కొండల మధ్య ఉన్న ఒక విమానాశ్రయానికి పాత దారి మూసేసి కొత్త దారి వేశారు. అందులో రెండు మలుపుల ఎత్తులు తారుమారయ్యాయి. కొండ పక్కనున్న మలుపుకి పెట్టాల్సిన ఎత్తు మైదానం మీది మలుపుకి పెట్టారు, దానిది దీనికి పెట్టారు. రెండంకెలూ హద్దులోనే ఉన్నాయి. దారే కొత్తది కాబట్టి పోల్చడానికి పాత అంకెలు లేవు. పాపం ప్రోగ్రాముకి అనుమానం ఎలా వస్తుంది? నా కడుపు మాత్రం చల్లబడింది.

ఆమె కుర్చీ నా పక్కనే. తల తిప్పి చెబితే సరిపోయేది. కానీ మధ్యాహ్నం మీటింగు ఉంది, అందరూ వస్తారు. అక్కడ అడుగుదామనుకున్నాను, "నీ ప్రోగ్రాములో కొండ ఎక్కడుందమ్మా?" అని. గొంతు ఎంత మెత్తగా పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను. మా పద్ధతిలో మీటింగులో సంతకాలయ్యాకే ఫైలు బయటికి వెళ్ళేది, కాబట్టి కొంప మునిగేదేమీ లేదని నా ధీమా.

"ఏంటక్కా, మొహం వెలిగిపోతోంది?" అంది ఆమె.

"ఏం లేదులే. నీ పని నువ్వు చూసుకో."

మీటింగులో పెద్దాయన ఆమెని తెగ మెచ్చుకున్నాడు. కానిమ్మని ఊరుకున్నాను. అయ్యాక లేచి, "ఫైలు పంపేముందు ఒక్క మాట" అన్నాను.

"పంపేముందేంటక్కా? పొద్దున్నే వెళ్ళిపోయిందిగా. పచ్చ వెలిగితే దానంతటదే వెళ్ళిపోతుంది. పోయిన మీటింగులో చెప్పాను, నువ్వూ ఉన్నావు."

ఉన్నాను. మూతి ముడుచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాను.

దాచుకున్న మెత్తటి గొంతు ఎటుపోయిందో, "రెండు ఎత్తులు తారుమారయ్యాయి, కొండ దగ్గర!" అని అరిచాను. పెద్దాయన ఫోను అందుకున్నాడు. ఆ ఫైలు ఎక్కించుకున్న విమానం ఒకటి అప్పటికే గాల్లో ఉంది. వెళ్తున్నది అక్కడికే.

కబురు వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది. "కొత్త దారి వస్తే మనిషిని అడగమని రాయాల్సింది అక్కా. ఎంత తెలివితక్కువదాన్ని!" ఆమె తనని తాను తిట్టుకుంటుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ విమానంలో ఎవరి తల్లులున్నారో, ఎవరి పిల్లలున్నారో. వాళ్ళందర్నీ కొండ మీదికి పంపి, నేను ఇక్కడ ఒక మాట విసిరి ముచ్చట తీర్చుకుందామనుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఫోను మోగింది. విమాన కంపెనీ భద్రతాధికారి. పెద్దాయన స్పీకరు పెట్టాడు. పైలట్లకి కబురు అందిందట, ఆ దారి వదిలేసి ఇంకోవైపు నుంచి దిగారట. అందరూ క్షేమం.

"తప్పు ఎవరు పట్టుకున్నారు? ఎప్పుడు?" అని అడిగాడు ఆయన.

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను వైపు వంగింది. "మా అక్క సార్. ఇప్పుడే, మీటింగులో. తను లేకపోతే ఏమైపోయేదో! నా ప్రోగ్రాము మీద తనని పెట్టాలి సార్, నేనే చెబుతున్నాను."

అందరూ నన్నే చూస్తున్నారు, దేవతని చూసినట్టు. నోరు మూసుకుంటే చాలు, నా కుర్చీ నాకు ఉంటుంది.

"ఇప్పుడు కాదు సార్," అన్నాను. "పొద్దున్నే చూశాను. విమానం లేవకముందే."

"మరి చెప్పలేదే?"

"అందరి ముందూ ఈ అమ్మాయి పరువు తీద్దామని."

ఆమె నా చెయ్యి వదిలేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె నావైపు చూడకుండా, పొడిగా, పని మాట చెప్పినట్టు ఫోనుతో అంది.

"సార్, పొద్దున ఆవిడ ఫైలంతా చూశారు. ఇంకా ఏమేం చూసి ఊరుకున్నారో మనకి తెలీదు. మొత్తం ఫైలు ఆపేయండి, వేరేవాళ్ళతో మళ్ళీ చూపిస్తాను."

ఆమె స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

"ఇంకేం లేవమ్మా, ఒట్టు," అన్నాను. ఆమె అప్పటికే మనుషుల్ని పిలవడానికి బయటికి వెళ్ళిపోయింది.