ఇరవై ఇండ్ల బియ్యం

రండి, దగ్గరికి జరగండి. ఆ చివర గుసగుసలు ఆపండి. ఏడ్చే పిల్లను చంకనేసుకోండి, బీడీ తాగేవాళ్ళు గాలివాటం చూసుకుని కూర్చోండి. ఇది బియ్యం కథ. గుమ్మి ఎంత పెద్దదో చెప్పేచోట కొంచెం పెంచుతాను, అప్పుడు ఎవరూ అడ్డం రావద్దు. బియ్యం సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

ఆ రోజు మరిపెడలో ఎండ ఎట్లా ఉందంటే, రోడ్డు మీద ఆపేసిన ఖమ్మం బస్సు చక్రాలు కరిగిన తారులో దిగబడిపోయి, సాయంత్రం గడ్డపారలతో తవ్వి తీయాల్సి వచ్చింది. ఆ బస్సు ముందే మూడు రాళ్ళ పొయ్యిలు వరసగా మండుతున్నాయి. తెలంగాణ రాష్ట్రం కోసం వంటా వార్పు. జాల్యా తండా గంగాబాయి పొద్దుటి నుంచి గంజి వారుస్తూనే ఉంది. ఆవిరికి రెండు చేతులూ బొబ్బలెక్కాయి. పక్కన గోరీ, చంటిపిల్లను వీపుకు కట్టుకుని బియ్యం కడుగుతోంది. గంగాబాయి తండా మహిళా సంఘం పెద్ద. గోరీ అదే సంఘంలో అందరికన్నా లేని మనిషి.

వాళ్ళ నెత్తి మీద ఒక బ్యానరు. దాని మీద వెంకట్రాం నవ్వుతున్న ఫొటో, 'అన్నదాత' అని కింద ఎర్ర అక్షరాలు. వెంకట్రాం మరిపెడలో బియ్యం వ్యాపారి. నిరుటిదాకా ఉద్యమం పేరెత్తితే నవ్వేవాడు. ఈ ఏడు జనం కదిలాక ఊరి ఉద్యమ కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

"ఈ పొయ్యిల పొగ ఢిల్లీకి పోవాలె. ఆడ కుర్చీలల్ల కూసున్నోళ్ల కండ్లు మండాలె" అన్నాడు మైకులో. పొగ మాత్రం గంగాబాయి కళ్ళల్లోకే పోతోంది.

ఎక్కడ పొయ్యి వెలిగినా సొంత స్టీలు పళ్ళెంతో వచ్చే కనకయ్య తాత మొదటి బంతిలోనే కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు దవడలు ఆడించాడు.

"ఏంది బిడ్డా గిది? సగం జావ, సగం పలుకు."

"ఇరవై ఇండ్ల బియ్యం తాతా. ఒక్కొక్కటి ఒక్కో తీరుగ ఉడుకుతది" అంది గంగాబాయి.

"అట్లనా. అయితే ఇరవై పొయ్యిల మీద వండాలె గద."

తాత అన్నది తప్పు కాదు, అవి నిజంగానే ఇరవై ఇండ్ల గింజలు. అన్నదాత అని ఎవరి ఫొటో ఉన్నా, ఆ అన్నం జాల్యా తండాది.

ఒకప్పుడు వానాకాలం వచ్చిందంటే తండాలో పొయ్యిలు చల్లబడేవి. నాట్లు పడేదాకా కూలి ఉండదు, కూలి లేనిది బియ్యం ఉండదు. అందరూ వెంకట్రాం దుకాణం మెట్లెక్కేవాళ్ళు. ఒక బస్తా తెచ్చుకుంటే పంటకు బస్తన్నర కొలవాలి. తర్వాత సర్కారు పేదరిక నిర్మూలన ప్రాజెక్టు వాళ్ళు వచ్చారు. పైనుంచి మేము చెప్పం, మీకు ఏది కావాలో మీరే కూర్చుని తేల్చుకోండి, మీరే నడుపుకోండి అన్నారు. ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎసట్లో పోసే ముందు ఇంటికొక పిడికెడు బియ్యం పక్కన పెట్టాలని తేల్చుకున్నారు. వారానికొకసారి ఆ పిడికిళ్ళన్నీ తెచ్చి సంఘం గుమ్మిలో పోసేవాళ్ళు. ఒకరివి సన్నాలు, ఒకరివి రేషను దొడ్డు బియ్యం, గోరీవి కూలికి వచ్చిన నూకలు. వెదురుతో అల్లి పేడతో అలికిన ఆ గుమ్మి ఎంత ఎత్తంటే, మూత మీద కోడి ఎక్కి చూస్తే బయ్యారం గుట్టలు కనపడేవి. దిగడానికి భయమేసి ఆ కోడి గుడ్లు కూడా అక్కడే పెట్టింది.

మూత చుట్టూ మట్టి మెత్తి, ఆ తడి మట్టి మీద ప్రతి ఇంటి ఆడమనిషీ అరచెయ్యి అద్దేది. అందరూ సరేనంటేనే ఆ ముద్రలు పగలగొట్టాలి, గుమ్మి తెరవాలి. ఇది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. రెండు వానాకాలాలు తండా నుంచి ఒక్కరూ వెంకట్రాం మెట్లెక్కలేదు. అధికారులు సంతోషపడి తండా మొగదల బోర్డు పాతారు: ఆకలి లేని తండా.

వంటా వార్పుకు ముందు వెంకట్రామే తండాకు నడిచి వచ్చాడు. మంచం కోళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. అంత పెద్దమనిషి కింద కూర్చోవడం తండా ఎన్నడూ చూడలేదు.

"రాష్ట్రం మనందరిది అక్కా. గుమ్మి నిండ ఉన్నదట గద, ఇయ్యున్రి. వానలకు ముందే మల్ల నింపిస్త. తెలంగాణ వచ్చిందంటే మీ గుమ్మికి వెండి మూత చేయిస్త."

గోరీ ఒప్పుకోలేదు. "వాన పడితే నా పిల్లలకు ఏం పెట్టాలె యాడీ?" అంది గంగాబాయితో. తల్లిలాంటిదని అందరూ ఆమెను యాడీ అనే పిలుస్తారు.

"రాష్ట్రమొస్తే చెరువులకు నీళ్ళొస్తయట. మన పిల్లలకు కొలువులొస్తయట. మనం పెట్టకపోతే ఎవలు పెడతరే?" అంది గంగాబాయి. ఆమె మనసారా నమ్మింది. గోరీనీ ఒప్పించింది. గోరీ చెయ్యి ముద్రను ఆమే రోకలితో పగలగొట్టింది. ట్రాలీ వచ్చి గుమ్మి అడుగుదాకా ఊడ్చుకుని పోయింది.

వానలు పడ్డాయి. వెంకట్రాం రాలేదు. అడిగితే రేపన్నాడు, మీటింగు ఉందన్నాడు, హైదరాబాదు పోయిండని గుమస్తా చెప్పాడు. శ్రావణంలో గోరీ ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. బోర్డు మాత్రం వానకు కడిగినట్టు మెరుస్తోంది. గంగాబాయి ఖాళీ సంచి మడత పెట్టుకుని, గోరీని వెంటబెట్టుకుని మెట్లెక్కింది.

"రా అక్కా" అన్నాడు వెంకట్రాం. "గుమ్మి సంగతి మల్ల జూద్దాం. ఇప్పటికైతే ఓ బస్త తీస్కపోన్రి. పంటకు బస్తన్నర ఇయ్యున్రి. పాత పద్ధతే."

గుమస్తా బస్తా మూతి విప్పాడు. గంగాబాయి చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. వెలుతురుకు తెచ్చి చూసింది. గోరీ చేతిలో పోసింది. గోరీ వేలితో అటూ ఇటూ కదిపింది. సన్నాలు, దొడ్డువి, నడుమ నూకలు.

"యాడీ, ఇయి మనయే" అంది.

"బియ్యం మీద పేరు రాసుంటదా?" అన్నాడు వెంకట్రాం.

"ఉండదు సేటు. నీ దుకాణంల ఇంకో బస్త ఇట్లాంటిది చూపియ్యి, పోతం" అంది గంగాబాయి.

వెంకట్రాం గొంతు తగ్గించాడు. "వండంగ మిగిలినయి. మైకు, టెంటు, జెండలు, గియన్ని ఊకనే వస్తయా? ఉద్యమానికని ఇచ్చి మల్ల అడుగుతున్రంటే, నలుగురు ఏమంటరు? తండోళ్ళు తెలంగాణకు అడ్డం తిరిగిన్రంటరు. జర ఆలోచించుకోన్రి."

ఆ మాటకు గంగాబాయి ముఖం నల్లబడింది. రోడ్డు మీద పొగ మింగింది ఆమె. బొబ్బల మచ్చలు ఇంకా చేతుల మీద ఉన్నాయి. వెంకట్రాం మాత్రం ఇస్త్రీ చొక్కా మీద ఉద్యమం బ్యాడ్జి సరిచేసుకుంటున్నాడు.

"మా బియ్యం మాకే బాకి ఇస్తవా సేటు?" అంది నెమ్మదిగా. "వద్దు. బస్త మూతి కట్టుకో."

గోరీ ఆమె వైపు చూసింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. అయినా చేతిలోని బియ్యం బస్తాలో వదిలేసి, చెయ్యి దులుపుకుంది.

ఇద్దరూ వానలో తడుస్తూ తిరిగి నడిచారు. తండా బోర్డు దగ్గర గంగాబాయి ఆగింది.

"నీ చేతి ముద్ర నేనే పగలగొట్టిన గోరీ."

"నేను అద్దింది ఒక్క చెయ్యే యాడీ" అంది గోరీ. "తండాల ఇంకా చానా చేతులున్నయి."

ఆ సాయంత్రం ప్రతి ఇంట్లో ఎసట్లో పోసే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి గోరీ కుండలో పోశారు. ఆ పిడికిళ్ళు కూడా చిన్నవే.

మర్నాడు వాన తెరిపిచ్చింది. వెంకట్రాం దుకాణం ముందు, సరిగ్గా మెట్ల కింద, మూడు రాళ్ళ పొయ్యి వెలిగింది. దాని మీద వంటా వార్పు నాటి పెద్ద గుండిగ. తండా ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. కట్టెలు తడివి, పొగ తిన్నగా దుకాణంలోకి పోతోంది. దారిన పోయేవాళ్ళు ఇదేదో కమిటీ కార్యక్రమమే అనుకుని జై తెలంగాణ అంటూ ఆగారు. తండా ఆడవాళ్ళు కూడా జై తెలంగాణ అన్నారు, అందరికన్నా గట్టిగా.

వెంకట్రాం దగ్గుకుంటూ బయటికి వచ్చాడు. "ఎవలు చెప్పిన్రు గీడ పొయ్యి పెట్టుమని?"

"నువ్వే చెప్తివి గద సేటు, పొయ్యి పొగ ఢిల్లీకి పోతదని" అంది గంగాబాయి. "అంత దూరం పోయిందో లేదో తెల్వదు. నీ దుకాణమైతే దగ్గర."

ఎవరో నవ్వారు. గుంపులోంచి ఒకాయన ముందుకొచ్చి గుండిగలోకి తొంగిచూశాడు. నీళ్ళు తెర్లుతున్నాయి, ఇంకేమీ లేదు.

"బియ్యం ఏవమ్మా?"

"లోపలున్నయి" అంది గంగాబాయి, దుకాణం తలుపు వైపు చూపిస్తూ. "ఇరవై ఇండ్లయి. తీసుకొచ్చి పోస్తడని చూస్తున్నం."

జనం తలలన్నీ ఒక్కసారే తలుపు వైపు తిరిగాయి. వెంకట్రాం చేతిలో తాళాల గుత్తి ఉంది. అతను అటు అడుగు వెయ్యలేదు, ఇటు వెయ్యలేదు. గోరీ ఇంకో కట్టె ఎగదోసింది.

అప్పుడు కనకయ్య తాత గుంపును తోసుకుంటూ వచ్చాడు. పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, స్టీలు పళ్ళెం ముందు పెట్టుకుని, మరిగే ఉత్త నీళ్ళలోకి చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఈసారన్న జర మెత్తగ ఉడకనియ్యున్రి బిడ్డా" అన్నాడు. "నాకు పండ్లు లెవ్వు."